పాత కెర్నెల్‌ను తిరిగి పిలుచుట

రైతు క్రొత్త రకము విత్తనము సంపాదించినప్పుడు పొలమంతయు ఒకేసారి దానితో నింపడు. ముందుగా ఒక మడిలో చల్లి చూచును. పాత విత్తనము గాదెలో భద్రముగా నుండును. క్రొత్తది మొలవకపోయినను, మొలచి తెగులు పట్టినను ఆ యేటి తిండికి లోటు రాదు. ఈ జాగ్రత్తను అతనికి ఏ పుస్తకమును నేర్పలేదు, అనుభవము నేర్పినది.

కంప్యూటరు శాస్త్రములో ‘కెర్నెల్’ అను మాట కలదు. ఆంగ్లమున ఈ మాటకు గింజలోని పప్పు అని అర్థము. కంప్యూటరును నడపు ప్రోగ్రాములన్నిటికి నడుమ గింజలోని పప్పువలె నుండునది గనుక దానికి ఆ పేరు వచ్చినది. ఈ పప్పును మార్చువారు కూడ రైతు పాటించు జాగ్రత్తనే పాటింపవలసి యుందురు. కెర్నెల్‌ను మరల తయారుచేసి నెలకొల్పిన పిమ్మట అది పనిచేయనిచో పాతదానిని ఎట్లు తిరిగి పొందవచ్చును? అట్లు పొందుటకు వీలు ఎందువలన కలుగుచున్నది? ఈ రెండు విషయములును విచారింపదగినవి.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక ఉన్నత పాఠశాలలో లినక్స్‌తో పనిచేయు కంప్యూటరు ఒకటి యున్నదనుకొందము. దానిలో విద్యార్థుల మార్కులు, ఉపాధ్యాయులు తయారుచేసికొన్న పాఠములు, ప్రశ్నపత్రములు ఉన్నవి. ఉత్సాహవంతుడైన ఒక విద్యార్థి ఉపాధ్యాయుని అనుమతితో కెర్నెల్‌ను మరల కంపైలు చేసి అందులో నెలకొల్పెను. కంప్యూటరును ఆపి తిరిగి వెలిగింపగా నల్లని తెరపై తెల్లని పంక్తులు కొన్ని పరుగెత్తి, తుదకు ‘కెర్నెల్ పానిక్’ అను మాటలతో అన్నియు నిలిచిపోయెను. ఏ మీట నొక్కినను చలనము లేదు. అప్పుడు చుట్టును చేరినవారిలో ఎవరో ఒకరు “ఇక లాభము లేదండీ, డిస్కు అంతయు తుడిచి మొదటినుండి ఎక్కింపవలసినదే” అందురు.

ఆ సలహాను పాటించినచో నష్టమగునది కెర్నెల్ కాదు. మార్కులు, పాఠములు, ప్రశ్నపత్రములు. నిజమునకు అప్పుడు చెడియున్నది సుమారు పది, పదిహేను మెగాబైట్ల పరిమాణము గల ఒక ఫైలు, దానికి తోడుగా నుండు మరికొన్ని ఫైళ్లు మాత్రమే. తక్కినదంతయు డిస్కుపై ఎప్పటివలెనే యున్నది. కంప్యూటరు చచ్చిపోలేదు, దానిని లేపు మనిషి మారినాడు, అంతే. పాత మనిషి ఇంటిలోనే యుండిన యెడల అతనిని పిలిచిన చాలును.

కెర్నెల్ అనగా నేమి?

కంప్యూటరులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు, తెర మొదలగు భాగములు ఉండును. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు వేయుటకు, బొమ్మలు గీయుటకు వేరువేరు ప్రోగ్రాములు ఉండును. ఈ ప్రోగ్రాములు ఏవియు డిస్కును గాని మెమరీని గాని నేరుగా ముట్టుకొనవు. ప్రతిదియు తనకు కావలసినదానిని కెర్నెల్‌ను అడుగును. ఎవరికి ఎంత మెమరీ ఇయ్యవలెను, ప్రాసెసరును ఎవరికి ఎంతసేపు అప్పగింపవలెను, డిస్కుపై ఏ ఫైలు ఎచ్చట నున్నది అను నిర్ణయములన్నియు కెర్నెల్ చేయును. విద్యార్థి ఒక అక్షరము నొక్కిన వెంటనే ఆ సంగతిని మొదట తెలిసికొనునది కెర్నెలే. ఆ అక్షరమును తగిన ప్రోగ్రామునకు అందజేయునదియు అదియే.

కావుననే కెర్నెల్ చెడిన కంప్యూటరుకు, తక్కిన ప్రోగ్రాములు చెడిన కంప్యూటరుకు చాల భేదమున్నది. లెక్కల ప్రోగ్రాము చెడినచో మరియొక ప్రోగ్రాము సాయముతో దానిని బాగుచేయవచ్చును. కెర్నెల్ చెడినచో బాగుచేయవలసిన ప్రోగ్రాము కూడ నడువదు. తాను కూర్చున్న కొమ్మను నరికికొన్నవాడు ఆ కొమ్మపై నిలిచి దానిని తిరిగి అతికింపలేడు గదా!

కెర్నెల్‌ను ఎవరికివారు తయారుచేసికొను సంప్రదాయము యూనిక్స్‌తో ప్రబలినది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్‌కు పునాది వేసిరి. 1973లో దాని కెర్నెల్ ‘సీ’ అను భాషలో తిరిగి వ్రాయబడినది. అప్పటినుండి కెర్నెల్ మనుష్యులు చదువదగిన మూలపాఠముగా చేతికి వచ్చినది. ఆ పాఠమును యంత్రమునకు తెలియు సంకేతములుగా మార్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. 1991లో ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను ప్రారంభించెను. నేడు దాని మూలపాఠము మూడు కోట్ల పంక్తులకు మించినది. దానిని ఎవరైనను పొందవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును.

డిస్కుపై లినక్స్ కెర్నెల్ ‘వీఎంలినజ్’ అను విచిత్రమైన పేరుతో నుండును. యూనిక్స్ తొలిదినములలో ఆ ఫైలు పేరు ‘యూనిక్స్’ అనియే యుండెను. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 1979లో వర్చువల్ మెమరీ అను సౌకర్యమును చేర్చినప్పుడు ఆ రెండు మాటల మొదటి అక్షరములు ముందు చేరి అది ‘వీఎంయూనిక్స్’ ఆయెను. లినక్స్‌లో అదియే ‘వీఎంలినక్స్’ అయినది. స్థలము కలిసివచ్చుటకై కుదించి దాచిన రూపమునకు చివర ‘జెడ్’ అక్షరము చేర్చిరి. పేరు ఎట్లున్నను అది డిస్కుపై నుండు ఒక ఫైలు మాత్రమే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో ముందు చెప్పబోవునదంతయు సులభముగా బోధపడును.

కంప్యూటరు మేల్కొను విధము

మీట నొక్కినంతనే కెర్నెల్ పనిలోనికి దిగదు. పరుగుపందెములో కఱ్ఱను ఒకరి చేతినుండి మరియొకరి చేతికి అందించునట్లు ఈ పని కొన్ని అంచెలుగా జరుగును.

మొదటి అంచెలో కంప్యూటరు పలకపైనున్న చిప్పులో స్థిరముగా దాచబడిన ప్రోగ్రాము లేచును. పాత యంత్రములలో దీనిని బయాస్ అనియు, క్రొత్తవానిలో యూఈఎఫ్ఐ అనియు అందురు. అది మెమరీని, కీబోర్డును, డిస్కును పరీక్షించి, డిస్కుపైనున్న ‘బూట్ లోడరు’ను పిలుచును.

రెండవ అంచె ఈ బూట్ లోడరుది. లినక్స్ యంత్రములలో సాధారణముగా ‘గ్రబ్’ అను లోడరు ఉండును. డిస్కునుండి కెర్నెల్ ఫైలును తీసి మెమరీలో పెట్టి, ‘ఇక నీ పని నీవు చేసికొనుము’ అని అధికారమును దానికి అప్పగించుటయే దీని పని.

మూడవ అంచెలో కెర్నెల్ లేచి, యంత్రభాగములను గుర్తించి, డిస్కుపైనున్న ప్రధాన ఫైళ్ల వ్యవస్థను తనకు అనుసంధించుకొనును. ఈ ప్రధాన వ్యవస్థకు ‘రూట్’ అని పేరు. అటుపిమ్మట అది ఒకటవ సంఖ్య గల మొదటి ప్రోగ్రామును ప్రారంభించును. తక్కిన ప్రోగ్రాములన్నియు దాని సంతానము.

మూడవ అంచెలో ఒక చిక్కు కలదు. డిస్కును చదువుటకు తగిన డ్రైవరు కావలెను. ఆ డ్రైవరు డిస్కుపైననే యున్నచో దానిని చదువుట ఎట్లు? తాళపుచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళము వేసినట్లగును. ఈ చిక్కును విడదీయుటకు ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అను చిన్న మూటను కల్పించిరి. డిస్కును అందుకొనుటకు కావలసిన డ్రైవర్లు అందులో ఉండును. బూట్ లోడరు కెర్నెల్‌తోపాటు ఈ మూటను కూడ మెమరీలో పెట్టును. లోడరు డిస్కును చదువుటకు కెర్నెల్ అక్కరలేదు. బయాస్ గాని యూఈఎఫ్ఐ గాని అందించు సాయము, తన సొంత నేర్పు దానికి చాలును.

ఇందులోనే మన సమస్యకు సమాధానమున్నది. బూట్ లోడరు కెర్నెల్‌కంటె ముందుగా లేచును. కెర్నెల్ పై ఆధారపడదు. దాని దృష్టిలో క్రొత్త కెర్నెల్, పాత కెర్నెల్ రెండును రెండు ఫైళ్ల పేర్లు మాత్రమే. క్రొత్త కెర్నెల్ ఎంత చెడిపోయినను, పాతదాని పేరు లోడరుకు చెప్పగలిగినచో అది దానినే లేపును.

లోడర్లన్నియు ఇట్టి తెలివి గలవి కావు. 1990-2000 మధ్యకాలమున లినక్స్‌లో ‘లిలో’ అను లోడరు విరివిగా వాడుకలో నుండెను. అది కెర్నెల్ ఫైలు పేరును గాక, డిస్కుపై ఆ ఫైలు ఏయే గదులలో నున్నదో ఆ సంఖ్యలను వ్రాసియుంచుకొనెడిది. కెర్నెల్‌ను మార్చిన ప్రతిసారియు ‘లిలో’ ఆజ్ఞను మరల నడిపి ఆ సంఖ్యలను సరిదిద్దవలెను. మరచినచో, ఇల్లు మారినవానికి పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరమువలె పని చెడెడిది. గ్రబ్ ఫైళ్ల వ్యవస్థను తానే చదివి పేరునుబట్టి వెదకును గనుక ఆ బాధ తొలగినది. లిలో అభివృద్ధి 2015తో ముగిసినది.

పొరపాటు ఎక్కడ జరుగును?

కెర్నెల్‌ను మరల కంపైలు చేయుటకు కారణములు పెక్కు గలవు. క్రొత్త యంత్రభాగమునకు డ్రైవరు చేర్చుట, భద్రతలో బయటపడిన లోపమును సవరించుట, అక్కరలేని భాగములను తొలగించుట, అన్నిటికంటె ముఖ్యముగా నేర్చుకొనుట. కంపైలు చేయుటకు ముందు వేలకొలది ప్రశ్నలకు సమాధానము నిర్ణయింపవలెను. ఒక్కొక్క భాగమునకు మూడు మార్గములున్నవి: కెర్నెల్‌లోనే కలిపివేయుట, విడిగా ‘మాడ్యూలు’ అను తునుకగా ఉంచి అవసరమైనప్పుడు తెచ్చికొనుట, పూర్తిగా విడిచిపెట్టుట. పిమ్మట ‘మేక్’ అను ఆజ్ఞతో పని మొదలగును. యంత్రపు వేగమునుబట్టియు, ఎన్నుకొన్న భాగములనుబట్టియు అది కొన్ని నిమిషములలో ముగియవచ్చును, కొన్ని గంటలు పట్టవచ్చును.

కంపైలరు ఏ తప్పును చూపకుండ పని ముగించినంత మాత్రమున కెర్నెల్ నడచునని నమ్మరాదు. వ్యాకరణదోషము లేని వాక్యము కూడ అసత్యము కావచ్చును. కంపైలరు చూచునది వ్యాకరణమును. ఆ కెర్నెల్ ఈ యంత్రమునకు తగునా లేదా అనునది యంత్రమును వెలిగించినప్పుడే తేలును.

తరచుగా జరుగు పొరపాట్లు నాలుగు. మొదటిది, డిస్కును నడుపు డ్రైవరును గాని, ఆ డిస్కుపైనున్న ఫైళ్ల వ్యవస్థకు కావలసిన భాగమును గాని విడిచిపెట్టుట. రెండవది, వానిని మాడ్యూళ్లుగా ఎన్నుకొని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మూటను తయారుచేయుట మరచుట. ఈ రెంటిలోను ఫలిత మొక్కటే: కెర్నెల్ లేచును గాని రూట్ వ్యవస్థను అందుకొనలేదు. ‘రూట్‌ను అనుసంధింపలేకపోతిని’ అను భావము గల సందేశము చూపి నిలిచిపోవును. మూడవది, ఒక కెర్నెల్‌కు చెందిన మాడ్యూళ్లు మరియొకదానికి దొరకుట. నాలుగవది, ‘బూట్’ విభాగములో చోటు చాలక ఫైలు సగము మాత్రమే వ్రాయబడుట.

‘పానిక్’ అను మాట విని బెదరనక్కరలేదు. అది యంత్రము తెలిసి చేయు పని. ముందుకు సాగినచో డిస్కుపై నున్నది చెడిపోవచ్చునని తోచినప్పుడు కెర్నెల్ తనంతట తానే ఆగిపోవును. త్రోవ తెలియని బండివాడు చీకటిలో ఎద్దులను ఆపివేసినట్లే యిది. రూట్‌ను అందుకొనకముందే ఆగిన కెర్నెల్ ఆ వ్యవస్థలోని ఫైళ్లపై ఒక్క అక్షరమైనను వ్రాసియుండదు. ఈ కారణముచేతనే ఆ సందేశము కూడ డిస్కులో ఎక్కడను నమోదు కాదు. కాబట్టి తెరపై కనిపించు చివరి పంక్తులను కాగితముపై వ్రాసికొనుటయో, ఫోటో తీసికొనుటయో మంచిది. లోపమును వెదకునప్పుడు ఆ పంక్తులే ఆధారము.

పాతదానిని పిలుచుట

ఇప్పుడు మన పాఠశాల కంప్యూటరు దగ్గరకు మరల వత్తము. దానిని ఆపి తిరిగి వెలిగింపవలెను. గ్రబ్ పట్టిక తెరపై కనిపించినచో సరి. కొన్ని లినక్స్ కూర్పులలో ఆ పట్టిక దాగియుండును. ఉబుంటూ వంటివానిలో బయాస్ గల యంత్రమైనచో షిఫ్ట్ మీటను నొక్కిపట్టవలెను. యూఈఎఫ్ఐ గలదైనచో ఎస్కేప్ మీటను నొక్కవలెను. పట్టికలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అను వరుస నెన్నుకొన్నచో యంత్రములో నున్న కెర్నెళ్లన్నియు తమ సంఖ్యలతో కనిపించును. నిన్నటివరకు పనిచేసినదాని సంఖ్యను ఎన్నుకొని ఎంటర్ మీట నొక్కినచో కంప్యూటరు ఎప్పటివలె లేచును. మార్కులు, పాఠములు, ప్రశ్నపత్రములు ఉన్నచోటనే యుండును.

ఒక్కొక్కప్పుడు పాత కెర్నెల్ డిస్కుపై నుండియు పట్టికలో కనిపింపదు. అప్పుడు పట్టిక కనిపించుచుండగా ‘సీ’ అక్షరము నొక్కవలెను. గ్రబ్ ఆజ్ఞలను స్వీకరించు తెర వచ్చును. ఇచ్చట నాలుగు ఆజ్ఞలు చాలును. ‘సెట్ రూట్’ అను ఆజ్ఞతో ఏ డిస్కు విభాగములో వెదకవలెనో చెప్పుదుము. ‘లినక్స్’ అను ఆజ్ఞతో పాత కెర్నెల్ ఫైలు పేరును, రూట్ వ్యవస్థ యుండు విభాగమును చెప్పుదుము. ‘ఇనిట్‌ఆర్‌డీ’ అను ఆజ్ఞతో ఆ కెర్నెల్‌కు జత అయిన మూట పేరును చెప్పుదుము. ‘బూట్’ అన్నంతనే యంత్రము బయలుదేరును. పొడుగైన పేర్లు జ్ఞాపకము లేకపోయినను చింత లేదు. కొంత వ్రాసి ట్యాబ్ మీట నొక్కినచో తక్కిన భాగమును గ్రబ్ తానే పూరించును, లేదా సరిపోవు పేర్లన్నియు చూపును.

యంత్రము లేచిన పిమ్మట ‘యూనేమ్’ అను ఆజ్ఞను చిన్న ‘ఆర్’ గుర్తుతో నడిపినచో ప్రస్తుతము నడచుచున్న కెర్నెల్ పేరు తెలియును. అది పాతదే యని రూఢి చేసికొనవలెను. అంతటితో పని ముగిసినదని లేచిపోరాదు. గ్రబ్ దృష్టిలో మొదటి కెర్నెల్ ఇంకను క్రొత్తదియే. రేపు మరియొక ఉపాధ్యాయుడు వచ్చి మీట నొక్కినచో మరల ఆ చెడిన కెర్నెలే లేచును. కావున గ్రబ్ అమరికలలో పాతదానిని మొదటిదిగా నిర్ణయించి, ఆ అమరికలను తాజాపరచు ఆజ్ఞను నడుపవలెను. డెబియన్, ఉబుంటూలలో దీనికి ‘అప్‌డేట్ గ్రబ్’ అని పేరు.

ఒకే పేరు తెచ్చు చిక్కు

పాత కెర్నెల్ ఫైలు మిగిలియున్నంత మాత్రమున అన్నియు సరిగా నుండునని చెప్పలేము. కెర్నెల్ ఒంటరి కాదు. దానికి కుటుంబము కలదు. వీఎంలినజ్ ఫైలు, దానికి జత అయిన ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మూట, మాడ్యూళ్ల డైరెక్టరీ, ఏయే భాగములు ఎన్నుకొనబడినవో తెలుపు కాన్ఫిగ్ ఫైలు — ఈ నాలుగును కలిసియే యుండవలెను.

మాడ్యూళ్ల డైరెక్టరీకి కెర్నెల్ సంఖ్యయే పేరు. యంత్రములో 6.6.10 సంఖ్య గల కెర్నెల్ నడచుచున్నదనుకొందము. విద్యార్థి అదే సంఖ్య గల మూలపాఠమును తెచ్చి, రెండు మూడు ఎన్నికలను మార్చి, మరల కంపైలు చేసెను. క్రొత్త కెర్నెల్ సంఖ్యయు 6.6.10 అగును. నెలకొల్పునప్పుడు పాత వీఎంలినజ్ ఫైలుకు ‘ఓల్డ్’ అను తోక తగిలించి ప్రక్కన పెట్టు ఏర్పాటు కొన్నిచోట్ల కలదు. కాని మాడ్యూళ్లు 6.6.10 అను ఒకే డైరెక్టరీలోనికి పోవును. క్రొత్తవి పాతవానిని తుడిచివేయును. పిమ్మట ‘ఓల్డ్’ కెర్నెల్‌ను పిలిచినను దానికి తన మాడ్యూళ్లు దొరకవు. తెర వెలుగును గాని నెట్‌వర్కు పనిచేయదు, శబ్దము వినిపింపదు. ఒక్కొక్కప్పుడు యంత్రము లేవనే లేవదు. తండ్రిని ఇంటికి పిలిచి, అతని పనిముట్లను మాత్రము పారవేసినట్లగును.

దీనికి విరుగుడు చాల సులభము. కంపైలు చేయుటకు ముందు కాన్ఫిగ్‌లో ‘లోకల్ వెర్షన్’ అను చోట ఒక చిన్న మాట చేర్చిన చాలును. ‘-పరీక్ష1’ అని చేర్చినచో క్రొత్త కెర్నెల్ పేరు 6.6.10-పరీక్ష1 అగును. ఆంగ్లాక్షరములలో వ్రాయబడు ఈ చిన్న తోక వలన క్రొత్తదాని కుటుంబమంతయు వేరుగా నిలుచును. పాతదాని నాలుగు ఫైళ్లలో ఒక్కటియు కదలదు. బిడ్డలకు వేరువేరు పేర్లు పెట్టుటలో నున్న వివేకమే ఇందులోను ఉన్నది.

లినక్స్ సంస్థలు తయారుచేసి పంపు కెర్నెళ్లు ఈ పద్ధతినే అనుసరించును. క్రొత్త కెర్నెల్ పాతదాని మీద పడదు, ప్రక్కన చేరును. ఫెడోరాలో సామాన్యముగా మూడు కెర్నెళ్లు నిలువయుండును. నాలుగవది వచ్చినప్పుడే అన్నిటికంటె పాతది తొలగింపబడును.

మరియొక సంప్రదాయము

బర్క్‌లీ యూనిక్స్ వంశములో 1993లో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ ఇదే సమస్యను వేరొక విధముగా పరిష్కరించినది. అందులో కెర్నెల్, దాని మాడ్యూళ్లు కలిసి ‘కెర్నెల్’ అను ఒకే డైరెక్టరీలో కాపురముండును. క్రొత్తదానిని నెలకొల్పునప్పుడు ఆ డైరెక్టరీ మొత్తముగా ‘కెర్నెల్ డాట్ ఓల్డ్’ అను పేరు పొందును. క్రొత్తది చెడినచో లోడరు పట్టికనుండి ఆజ్ఞల తెరకు పోయి ‘బూట్ కెర్నెల్ డాట్ ఓల్డ్’ అన్న చాలును. కుటుంబమంతయు ఒకే బండిలో తిరిగివచ్చును.

ఇచ్చటను ఒక గుంట యున్నది. విద్యార్థి ఒక కెర్నెల్‌ను నెలకొల్పి, దానితో యంత్రమును తిరిగి ప్రారంభించి, అది లేచినను అందులో లోపమున్నట్లు చూచి, మరియొక కెర్నెల్‌ను కంపైలు చేసి నెలకొల్పెననుకొందము. మొదటిసారి మంచి కెర్నెల్ ‘ఓల్డ్’ అయినది. రెండవసారి లోపము గల మొదటి క్రొత్త కెర్నెల్ ‘ఓల్డ్’ స్థానమును ఆక్రమించినది. మంచిది తుడిచిపెట్టుకొని పోయినది! రెండును చెడ్డవే అయినచో పిలుచుటకు ఎవరును లేరు. అందుచేత బాగుగా నడచుచున్న కెర్నెల్‌కు ‘కెర్నెల్ డాట్ గుడ్’ వంటి వేరొక పేరుతో నకలు తీసి ఉంచుకొనవలెను. ‘ఓల్డ్’ అను పేరును యంత్రము తానే మార్చును. మనుష్యుడు పెట్టిన పేరును అది ముట్టుకొనదు. పాతది వేరు, మంచిది వేరు అను సంగతిని ఇక్కడ గుర్తింపవలెను.

ఒక్కమారు పరీక్ష

కొన్ని యంత్రములు చేతికి అందవు. వేరొక పట్టణములో నున్న సర్వరునకు కెర్నెల్ మార్చినచో, అది లేవనప్పుడు గ్రబ్ పట్టిక ముందు కూర్చుండువారు ఎవరు? దీనికి తగిన ఉపాయము కలదు. పాత కెర్నెల్‌నే మొదటిదిగా ఉంచి, క్రొత్తదానిని వచ్చేసారికి మాత్రము నడిపి చూడుమని లోడరుకు ఒక చీటీ వ్రాసియుంచవచ్చును. లినక్స్‌లో ‘గ్రబ్ రీబూట్’, ఫ్రీబీఎస్‌డీలో ‘నెక్స్ట్‌బూట్’ అను ఆజ్ఞలు ఈ పని చేయును. లోడరు ఆ చీటీని ఒక్కమారు చదివి, వెంటనే చింపివేయును. లినక్స్ కెర్నెల్‌కు ‘పానిక్=10’ అని కూడ చెప్పియున్నచో పానిక్ కలిగిన పది సెకండ్లకు యంత్రము తనంతట తానే తిరిగి ప్రారంభమగును. అప్పటికి చీటీ లేదు గనుక పాత కెర్నెలే లేచును. ఎవరును ముట్టుకొనకయే యంత్రము నిన్నటి స్థితికి వచ్చును.

ఈ ఉపాయమునకును ఒక హద్దు కలదు. కెర్నెల్ తన లోపమును తాను గుర్తించినప్పుడే పానిక్ కలుగును. గుర్తింపక మౌనముగా నిలిచిపోయినచో ఎవరో ఒకరు విద్యుత్తును ఆపి మరల ఇయ్యవలెను. అయినను చీటీ చినిగియే యుండును గనుక లేచునది పాతదే.

పాతది మిగలనప్పుడు

పాత కెర్నెల్ ఎక్కడను లేనిచో? అప్పుడును డిస్కును తుడుపనక్కరలేదు. లినక్స్‌ను డిస్కుపై ఎక్కింపకయే నడుపగల యూఎస్‌బీ పుల్లలు కలవు. అట్టిదానినుండి యంత్రమును లేపినచో ఆ పుల్లపైనున్న కెర్నెల్ పనిచేయును. డిస్కు అప్పుడు దానికి ఒక సామానుపెట్టె మాత్రమే. మొట్టమొదట మార్కులు మొదలగు విలువైన ఫైళ్లను వేరొకచోటికి నకలు తీసికొనవలెను. పిమ్మట డిస్కులోని రూట్ వ్యవస్థను అనుసంధించి, ‘సీహెచ్‌రూట్’ అను ఆజ్ఞతో అందులోనికి ప్రవేశించి, సంస్థవారి కెర్నెల్‌ను తిరిగి నెలకొల్పి, గ్రబ్ అమరికలను తాజాపరచవలెను. ఇది పొరుగింటి దీపము తెచ్చి మన యింటి దీపము వెలిగించుకొనుట వంటిది. శ్రమ కొంచెము ఎక్కువ. నష్టము మాత్రము లేదు.

జేబులోని ఉదాహరణము

ఇదంతయు కొద్దిమంది నిపుణులకే సంబంధించినదని తలంపరాదు. ఆండ్రాయిడ్ ఫోనులలో నడచునది లినక్స్ కెర్నెలే. 2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7.0తో క్రొత్త ఏర్పాటు ఒకటి వచ్చినది. దీనిని పాటించు ఫోనులలో వ్యవస్థకు రెండు గదులుండును. ఒక గదిలోనిది నడచుచుండగా, క్రొత్త కూర్పు రెండవ గదిలో చేరును. తిరిగి ప్రారంభించినప్పుడు క్రొత్తది సరిగా లేచినచో దానినే కొనసాగించును. లేవనిచో లోడరు పాత గదికి మరలును. ఫోను గలవారికి ఈ మార్పు జరిగినట్లే తెలియదు. కంపైలు చేయువాడు చేతితో చేయు జాగ్రత్తనే ఫోను యంత్రముగా చేయుచున్నది.

ఉపాధ్యాయులు ఈ విషయమును మాటలతోకంటె ప్రయోగముతో బోధించుట మేలు. కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును అనుకరించు ‘వర్చువల్ మెషీన్’ ప్రోగ్రాములు ఉచితముగా లభించుచున్నవి. అందులో లినక్స్‌ను నెలకొల్పి, ‘పరీక్ష1’ అను తోకతో, డిస్కు ఫైళ్ల వ్యవస్థకు కావలసిన భాగమును బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టి, కెర్నెల్‌ను కంపైలు చేయింపవలెను. పానిక్ వచ్చినప్పుడు విద్యార్థులచేత చివరి పంక్తులను వ్రాయించి, గ్రబ్ పట్టికనుండి పాతదానిని పిలిపింపవలెను. రెండవమారు పట్టికను విడిచి నాలుగు ఆజ్ఞలతోనే పిలిపింపవలెను. ఇట్లు రెండుసార్లు చేసిన విద్యార్థి నల్లని తెరను చూచి బెదరడు. డిస్కు తుడిచివేయుదమని ఎవరైన చేయి చాచినప్పుడు ‘ఆగండి మాస్టారూ, పాతది ఉన్నదేమో చూతము’ అనగలడు. గాదెలో విత్తనమున్నంతవరకు పంట పోయినను సేద్యము పోదు.